తెల్లవారితే గురువారం

శ్రోతలకు నమస్కారం.

రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఆ ముప్పై ఏళ్లలో నేను చదివినన్ని శుభలేఖలు బహుశా పురోహితులు కూడా చదివి ఉండరు. పెళ్లి రిజిస్టర్ చేయించుకోవడానికి వచ్చేవాళ్లు దరఖాస్తుకు శుభలేఖ జతచేస్తారు కదా. వాటిలో నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టిన మాట ఒకటుంది: ‘తెల్లవారితే గురువారం’. ముహూర్తం బుధవారం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. పంచాంగం లెక్కలో సూర్యుడు వచ్చేదాకా బుధవారమే. గడియారం లెక్కలో అర్ధరాత్రి దాటగానే గురువారం. పెళ్లికొడుకు దరఖాస్తులో ఒక తేదీ రాస్తాడు, కల్యాణ మండపం రసీదులో ఇంకో తేదీ ఉంటుంది. ‘ఒక్క రోజే కదండీ, ఏదో ఒకటి వేసెయ్యండి’ అంటారు పెద్దలు. పెళ్లికొడుకేమో ఎల్లుండి ఫ్లైటు అని వాచీ చూసుకుంటూ ఉంటాడు.

ఆ ఒక్క రోజుకు ఎంత బరువుంటుందో ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకూ సరిగ్గా తెలియదు. రిటైరయ్యాక మా మేనకోడలికి అమెరికా సంబంధం కుదిరి, కాగితాల పని నా నెత్తిన పడ్డప్పుడు తెలిసింది. నేను లాయర్ని కాను. ఆ పనిలో తిరిగి తెలుసుకున్నది చెబుతున్నాను.

‘అబ్బాయికి గ్రీన్ కార్డు ఉంది, అమ్మాయికి కూడా వచ్చేస్తుంది’. ఈ మాట మీరూ వినే ఉంటారు. సంబంధం చూసేటప్పుడు జీతం అడుగుతాం, గోత్రం అడుగుతాం, ఎత్తు కూడా అడుగుతాం. అబ్బాయి అక్కడ ఏ హోదాలో ఉన్నాడో మాత్రం అడగం. అమెరికాలో సెటిల్ అయ్యాడంటే చాలు మనకి. పౌరుడా, గ్రీన్ కార్డు ఉన్నవాడా, హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నవాడా? ఈ మూడింటికీ మూడు వేరు వేరు దారులు.

పౌరుడైతే దారి దగ్గర. అతను ఐ-130 అనే ఫారంతో ‘ఈమె నా భార్య’ అని పిటిషన్ వేస్తాడు. పౌరుల భార్యాభర్తలకు ఏటా ఇన్నే కార్డులు అనే పరిమితి లేదు. అంటే కాగితాలు పరిశీలించడానికి పట్టే కాలమే తప్ప కోటా కోసం ఎదురుచూపు ఉండదు. అమ్మాయి చట్టబద్ధంగా వీసా మీద వెళ్లి అప్పటికే అక్కడ ఉంటే కార్డు కోసం వేసే ఐ-485 అనే దరఖాస్తు కూడా దానితో పాటే వేసుకోవచ్చు. ఇక్కడే ఉంటే ఇంటర్వ్యూకి వెళ్లాలి. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా అనుకుంటారు చాలామంది. కానీ ఇలా స్థిరపడడానికి వెళ్లేవాళ్ల వీసా ఇంటర్వ్యూకి మనవాళ్లు ముంబయి వెళ్లాలి.

గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాడైతే అదే ఫారం, కానీ క్యూ ఉంటుంది. ఏటా ఇన్ని అని పరిమితి. పిటిషన్ వేసిన రోజు మన తేదీ అవుతుంది, ఆ తేదీ వరస ఎప్పుడొస్తుందో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వేసే వీసా బులెటిన్‌లో చూసుకుంటూ ఉండాలి. మధ్యలో అతనికి పౌరసత్వం వస్తే భార్య క్యూలోంచి బయటపడి మొదటి దారిలోకి వచ్చేస్తుంది.

ఇక హెచ్-1బి. మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. ఇక్కడ భర్త భార్య కోసం పిటిషన్ వేయడు. కంపెనీ అతని కోసం వేస్తుంది, భార్య అతని వెనకాలే అదే తేదీతో నడుస్తుంది. ఉద్యోగాల కోటా కింద ఏటా ఇచ్చేవి దాదాపు 1,40,000 కార్డులు. భార్యలకూ పిల్లలకూ ఇచ్చేవి కూడా ఆ లెక్కలోనే కలుస్తాయి. పైగా ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ మొత్తంలో 7 శాతం మించకూడదు. చిన్న దేశమైనా మన దేశమైనా అదే 7 శాతం. అందుకే మనవాళ్లు ఏళ్ల తరబడి ఆ వరసలో నిలబడి ఉన్నారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ లెక్కకు పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు, ఎక్కడ పుట్టారన్నదే కొలత. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్ దేశాలకు ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఎంతోమంది. అలా కువైట్‌లో పుట్టి, ఇక్కడ పెరిగిన అమ్మాయిని హెచ్-1బి అబ్బాయి చేసుకున్నాడనుకోండి. ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టినప్పుడు భార్య పుట్టిన దేశం కోటాలోకి భర్తను కూడా తీసుకుంటారు. అతను పదేళ్లు నిలబడాల్సిన వరసను ఆమె పుట్టిన ఆస్పత్రి తప్పిస్తుంది. సంబంధాలు చూసేవాళ్లు అమ్మాయి పుట్టిన నక్షత్రం అడుగుతారు కానీ పుట్టిన దేశం అడగరు మరి.

మా మేనకోడలి సంగతికి వస్తాను. అబ్బాయి హెచ్-1బి మీద ఉన్నాడు, ఏళ్లకేళ్లు వరసలో నిలబడితే చివరికి అతని తేదీ వచ్చింది. దరఖాస్తు లోపల ఉంది. కార్డు రేపో మాపో. సరిగ్గా అప్పుడే సంబంధం ఖాయమైంది, వెంటనే శుక్ర మూఢం వచ్చిపడింది. మూడు నెలల దాకా ముహూర్తాల్లేవు. ఇరువైపుల పెద్దలూ హాయిగా నిశ్చితార్థం చేసేసి మూఢం పోయాక చూద్దామన్నారు.

అబ్బాయి ఫోన్ చేసి నాతో అన్నమాట: ‘మావయ్యగారూ, నా కార్డు వచ్చే రోజు కంటే ముందు పెళ్లయిపోతే తను నా పాత తేదీతోనే వచ్చేస్తుంది. కార్డు వచ్చాక పెళ్లయితే మాత్రం కొత్తగా పిటిషన్ వేసి, కొత్త వరసలో చివర నిలబడాలి.’

నిశ్చితార్థం లెక్కలోకి రాదు. తాంబూలాలు మార్చుకున్నా, ఊరందరికీ తెలిసినా, అక్కడి చట్టానికి అది పెళ్లి కాదు. మూఢం అంటే ఏమిటో దానికి అసలే తెలియదు.

అప్పుడు నా పాత ఉద్యోగం పనికొచ్చింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షుల ఎదుట సంతకాలు చేస్తే పెళ్లి అయినట్టే. పెళ్లి తంతు జరిగి ఉండనక్కర్లేదు. మా అక్క మొదట ససేమిరా అంది. మూఢంలో సంతకాలు పెట్టవచ్చా అని పురోహితుణ్ణి అడగమంది. ఆయన నవ్వి, ‘సంతకం పెళ్లెలా అవుతుందమ్మా, నిరభ్యంతరంగా పెట్టుకోండి’ అన్నాడు. ఆ మాటే మా పని సులువు చేసింది. అబ్బాయి వారం సెలవు మీద వచ్చాడు. మేళం లేదు, పందిరి లేదు. ఆఫీసు వరండాలో నిలబడి కాఫీ తాగాం. నెల తిరక్కుండా అతని కార్డు వచ్చింది.

మూఢం పోయాక, బుధవారం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు, ఎనిమిది వందల మంది భోంచేసిన పెళ్లి ఘనంగా జరిగింది. శుభలేఖలో ‘తెల్లవారితే గురువారం’ అనే ఉంది. ఫారాల్లో పెళ్లి తేదీ అన్న చోట మాత్రం వరండాలో కాఫీ తాగిన రోజే రాశాం. ఆ తేదీతోనే అమ్మాయి కేసు ముంబయికి వెళ్లింది.

తేదీతో పాటు పేరు కూడా చూసుకోవాలి. శుభలేఖలో చి.ల.సౌ. తర్వాత ఇంట్లో పిలిచే పేరు, టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరాల్లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఒకే గడిలో మొత్తం పేరు ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదని అర్థమొచ్చే ఎఫ్ఎన్‌యు అనే మూడక్షరాలు వచ్చి కూర్చుంటాయి. పుట్టిన సర్టిఫికెట్ లేనివాళ్లు మున్సిపాలిటీ నుంచి ‘రికార్డు లేదు’ అనే కాగితం, పెద్దల అఫిడవిట్లు తెచ్చుకోవాలి. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ ఉండనే ఉంది.

పౌరుడి భార్యగానో, గ్రీన్ కార్డు ఉన్నవాడి భార్యగానో వెళ్లేవాళ్లకు తేదీ ఇంకోసారి అడ్డొస్తుంది. అమెరికా 1986లో ఒక చట్టం చేసింది, కార్డు కోసం చేసుకునే దొంగ పెళ్లిళ్లను ఆపడానికి. దాని ప్రకారం కార్డు హోదా వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల షరతు కార్డే. అది ముగియడానికి ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి, షరతు తీసేయమని ఐ-751 అనే ఫారం వేయాలి. కలిసి బతుకుతున్నట్టు మళ్లీ రుజువులు చూపాలి. మన దగ్గర రుజువంటే పెళ్లి ఆల్బమ్. వాళ్లు ఫోటోలు చూస్తారు కానీ అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లున్నాయా, బ్యాంకు ఖాతా ఉమ్మడిదా, ఇన్సూరెన్సులో ఎవరి పేరుంది అని ఎక్కువగా చూస్తారు. మన దేశమూ ఏమీ తక్కువ తినలేదు లెండి. భారతీయుణ్ణి చేసుకున్న విదేశీ అమ్మాయికి ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అనే ఓసీఐ కార్డు కావాలంటే పెళ్లి రిజిస్టరై, రెండేళ్లు నిలిచి ఉండాలి.

ఇక్కడే నాకు భయం వేసే మాట ఒకటి చెప్పాలి. ఈ కాగితాలన్నీ భర్త చేతిలో ఉంటాయి. ఫారం అతను వేశాడు, లాగిన్ అతనిది, లాయర్ అతని లాయరే. ఒకమ్మాయి తన తమ్ముడి పెళ్లికని వచ్చింది. ఐ-485 పరిశీలనలో ఉండగా ముందస్తు ప్రయాణ అనుమతి తీసుకోకుండా అమెరికా దాటితే, హెచ్, ఎల్ ఉద్యోగ వీసాల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, దరఖాస్తు వదులుకున్నట్టే. ఆ అమ్మాయికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మళ్లీ మొదటికొచ్చింది.

గొడవలొచ్చిన ఇళ్లలో ‘సంతకం పెట్టను, నిన్ను ఇండియాకి పంపించేస్తాను’ అనే బెదిరింపు మామూలు. పూర్తిగా అతని చేతిలో లేదని వినేవాళ్లకు తెలియాలి. నిజాయితీగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా, హింస ఉన్నా, ఐ-751ని ఒంటరిగానే వేసుకునే వీలుంది. అమెరికాలో 1994లో వచ్చిన మహిళలపై హింస నిరోధక చట్టం కింద, పౌరుడి చేతనో గ్రీన్ కార్డు ఉన్నవాడి చేతనో బాధపడే భార్య అతనికి తెలియకుండానే తన పిటిషన్ తాను వేసుకోవచ్చు. పేరులో మహిళ అని ఉన్నా బాధపడే భర్తకూ అది వర్తిస్తుంది. ఇంకో సంగతి. పిటిషన్ వేసినవాడు ఐ-864 అనే పూచీ కాగితం మీద సంతకం పెడతాడు. అక్కడి పేదరికపు గీతకు కనీసం 125 శాతం ఆదాయంలో ఆమెను పోషిస్తానని ప్రభుత్వానికి ఇచ్చే మాట అది. విడాకులతో ఆ మాట పోదు. ఆమెకు పౌరసత్వం వచ్చేదాకానో, సుమారు పదేళ్ల పని ఆమె లెక్కలో పడేదాకానో ఉంటుంది. అప్పగింతల్లో మనం పెట్టే అప్పగింతకు ఇంత బలం ఎప్పుడూ లేదు.

మా మేనకోడలు వెళ్లే ముందు రోజు ఇంట్లో ఆవకాయ జాడీల తూకం జరుగుతోంది. ఇరవై మూడు కిలోలా కాదా అని అందరూ ఆ కాటా చుట్టూ ఉన్నారు. నేను రిజిస్టర్ ఆఫీసు నుంచి పెళ్లి సర్టిఫికెట్ నకళ్లు రెండు తెచ్చాను. ఒకటి అల్లుడి కవర్లో పెట్టాను. రెండోది, పుట్టిన సర్టిఫికెట్, ఫారాల జిరాక్సులు, కేసు నంబరు రాసిన చీటీ కలిపి అమ్మాయి చేతిబ్యాగులో పెట్టాను. ‘ఆయన దగ్గర ఉన్నాయి కదా మావయ్యా’ అంది. ‘ఉండనీ’ అన్నాను. జిప్పు తనే వేసుకుంది.