బీపీ చూశారు సరే, మనసు సంగతో?

అందరికీ నమస్కారమండీ. ఆత్మహత్య అనగానే మనకి పరీక్ష తప్పిన పిల్లలే గుర్తొస్తారు గానీ, ప్రపంచంలో చాలా దేశాల్లో ఈ మరణాల రేటు ఎక్కువగా ఉండేది 70 దాటినవాళ్ళలోనే. ఇంకో సంగతేంటంటే, అలా పోయినవాళ్ళలో చాలామంది అంతకు ముందు నెలలోనే ఎవరో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళేనని విదేశాల్లో చేసిన స్టడీల్లో తేలింది.

మరి డాక్టర్ దగ్గర ఏం జరుగుతుందో మన విశాఖలో గాజువాకలోనో ఎంవీపీ కాలనీలోనో ఏ క్లినిక్‌కైనా వెళ్ళి చూడండి. పెద్దాయన కుర్చీలో ఒదిగి కూర్చుంటారు, మాట్లాడేదంతా పక్కన నిలబడ్డ కొడుకే, నాన్నకి తిండి సయించట్లేదండీ, నిద్ర లేదు, ఒళ్ళంతా నొప్పులంటున్నారు అని, డాక్టరు గారేమో బీపీ చూసి ఓ నిద్రమాత్ర, ఓ బలం బిళ్ళ రాస్తారు, బయట ఇంకా ముప్ఫై మంది ఉన్నారు కదా, ఆయన్నీ అనలేం. మన పెద్దాళ్ళు దిగులుగా ఉందని నోరు తెరిచి చెప్పరు, మోకాళ్ళు లాగుతున్నాయంటారు, మలబద్ధకం అంటారు. డిప్రెషన్ వాళ్ళలో చాలాసార్లు అలాగే బయటపడుతుంది. వయసన్నాక మామూలే అని మనం వదిలేస్తాం, నాకైతే ఆ మాట మీదే కోపం.

"మీకు భారమైపోయాను", "ఆ సింహాచలం అప్పన్న తీసుకుపోయినా బాగుణ్ణు" అని ఊరికే అంటుంటారులే అనుకోకండి. పక్కన కూర్చుని, నాన్నా, చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో మందులన్నీ మీ దగ్గర పెట్టుకోండి, ఆ రోజే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకైనా, ప్రభుత్వ మానసిక ఆసుపత్రికైనా తీసుకెళ్ళండి.

వైద్యం ఉందండీ, పనిచేస్తుంది కూడా. థైరాయిడ్, బీ12 విటమిన్ ముందు చూపించాలి, అవి తగ్గినా మనిషి ఇలాగే ముడుచుకుపోతాడు. డిప్రెషన్ మాత్రలు వేసిన మర్నాడే పనిచేయవు, కొన్ని వారాలు పడుతుంది, పెద్దాళ్ళకి ఇంకాస్త ఎక్కువే, వారం వాడి లాభం లేదని మానేసేవాళ్ళే ఎక్కువ. ఈ మందులతో వయసు మీరినవాళ్ళకి ఒంట్లో సోడియం తగ్గొచ్చు, అందుకని మధ్యలో రక్తపరీక్ష అడిగి చేయించుకోండి.

మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416. ఫ్రీయే, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పింఛను గొడవలు, పిల్లలు చూడకపోవడం లాంటివైతే పెద్దల హెల్ప్‌లైన్ 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. పెద్దాయన మాట్లాడనంటే మీరే చేయండి, ఇంట్లోవాళ్ళు చేసినా ఏం చేయాలో చెప్తారు.