థర్మాకోల్ చార్మినార్ శిల్పం కాదు! బడుల్లో ఇక ఆపండి

థర్మాకోల్‌తో చేసిన చార్మినార్ శిల్పం కాదు. మళ్లీ చెబుతున్నా, కాదు! ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత అది చేయించడం ఇవాళ్టి నుంచే ఆపేయాలి.

పోయిన వీడియోలో ఈ మాట అన్నందుకు అమ్మానాన్నలు చాలామంది నా మీద విరుచుకుపడ్డారు. "మార్కులు నువ్వేస్తావా?" అన్నారు. "అంత పెద్ద కట్టడం పిల్లలు ఇంకెలా చేస్తారు?" అన్నారు. అసలు పిల్లలు చేస్తే కదండీ! స్టేషనరీ షాపు ముందు "స్కూల్ ప్రాజెక్టులు చేసి ఇవ్వబడును" అని బోర్డు వేలాడుతుంటుంది. డబ్బులిచ్చి తెచ్చుకుంటారు, లేదా రాత్రి పన్నెండు దాకా నాన్న కూర్చుని కోస్తాడు. పొద్దున పిల్లాడు ఆటోలో మోసుకెళ్తాడు. వాడి వంతు పని అంతే. పైగా 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మాకోల్‌ని దేశమంతా నిషేధించారు. మన బడులకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు!

నా కోపం థర్మాకోల్ ఒక్కదాని మీదే కాదు. 1591లో కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్ కమాను నాలుగు వందల ఏళ్లు దాటినా ఇంకా బరువు మోస్తోంది. మీ ప్రాజెక్టులో కమాను ఏం మోస్తోంది? ఏమీ లేదు. అది అట్ట మీద గీసిన గీత. కట్టడం అంటే బరువు. బరువు చేతికి తెలియకుండా చేసింది బొమ్మ అవుతుందేమో గానీ, కట్టడం నుంచి పుట్టిన శిల్పం కాదు. ఈ మాట మీదే నేను నిలబడతా.

మరేం చేయించాలి అంటారా? పాత కాటన్ పంచె ముక్క ఒకటి తీసుకోండి. చిక్కటి గంజిలో కాస్త ఫెవికాల్ కలిపి అందులో ముంచండి. కుర్చీని తలకిందులుగా పెట్టి, నాలుగు కాళ్లకీ గుడ్డ నాలుగు మూలలు కట్టేయండి. మధ్యలో దానంతట అదే కిందికి జారుతుంది. ముట్టుకోవద్దు, ఎండనివ్వండి. ఎండాక మళ్లీ గంజి పూసి ఇంకో పొర, దాని మీద ఇంకో పొర. గట్టిపడ్డాక విప్పి తిరగేయండి. గుమ్మటం! పిల్లాడు కొలవలేదు, కొయ్యలేదు, షాపులో కొనలేదు. భూమి లాగింది, ఆకారం వచ్చింది.

ఇది నా సొంత తెలివి కాదు. వేలాడే దారాన్ని తిరగేస్తే గట్టి కమాను వస్తుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లోనే అచ్చేశాడు. అదీ మామూలుగా కాదు, ఎవరూ కొట్టేయకుండా అక్షరాలన్నీ కలగాపులగం చేసి మరీ! ఆ తర్వాత స్పెయిన్ ఆర్కిటెక్ట్ గౌడీ. బార్సిలోనా దగ్గర కొలోనియా గుయెల్ చర్చి పని 1898లో ఒప్పుకున్నాడు, కట్టడం మొదలైంది 1908లో. మధ్యలో ఏళ్ల తరబడి చేసిందేంటి? కప్పు నుంచి దారాలు వేలాడదీసి, సీసం గుళ్ల సంచులు కట్టి, ఫొటో తీసి, ఆ ఫొటో తిరగేసి చూసుకోవడం! స్విట్జర్లాండ్‌లో హైన్జ్ ఇస్లర్ అనే ఇంజనీరు, ఇంకో మహానుభావుడు. చలికాలం తడి గుడ్డలు బయట వేలాడదీసేవాడు, తెల్లారేసరికి మంచుతో బిగుసుకుపోయేవి. వాటిని తిరగేసి చూసి, సన్నటి కాంక్రీటు కప్పులు కట్టాడు. ఆయనకు మంచు ఉంది. మనకు ఎండ ఉంది, గంజి ఉంది. ఇంకేం కావాలి?

అంత దూరం ఎందుకు, మన పాలంపేట రామప్ప గుడి చూడండి. 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గుడి రాతితో కట్టి, శిఖరానికి మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పునాది కింద ఇసుక నింపారు. ఎక్కడ బరువు ఉండాలి, ఎక్కడ తగ్గాలి అన్నది వాళ్ల చేతులకు తెలుసు. నా నమ్మకం ఒక్కటే. ఆ గుడి అందమంతా ఆ లెక్కలోంచే వచ్చింది, నగిషీలు తర్వాత. మనం పిల్లల్ని ఆ గుడికి తీసుకెళ్లి సెల్ఫీ తీయించి, ఇంటికొచ్చి అట్టముక్కతో అదే గుడి అతికించమంటున్నాం!

ఒక డ్రాయింగ్ టీచర్ గారు అడిగారు, "ఇది సైన్సు కదా, ఆర్ట్ ఎలా అవుతుంది?" అని. అయ్యా, గుడ్డని మూడు మూలలే కట్టి చూడండి. మధ్యలో చిల్లు పెట్టి చూడండి. ఒక మూల పైకి, ఒక మూల కిందికి లాగి చూడండి. నలభై మంది పిల్లలుంటే నలభై ఆకారాలు వస్తాయి, ఒకదానికొకటి పోలిక ఉండదు. థర్మాకోల్ చార్మినార్లు నలభై వరసగా పెడితే ఏది ఎవరిదో కన్నతల్లి కూడా చెప్పలేదు. సీబీఎస్‌ఈ 2020లో ఒకటి నుంచి పదో తరగతి దాకా ఆర్ట్‌ని పాఠంతో కలిపి ప్రాజెక్టు చేయించాలని చెప్పింది. కలపడం అంటే ఇదే కదండీ!

ఒక్క జాగ్రత్త. గంజి బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడదామని కొందరు అంటున్నారు. పిల్లల చేతికి ఇవ్వకండి. గట్టిపడేటప్పుడు అది బాగా వేడెక్కుతుంది, చేయి అందులో ఉంటే కాలుతుంది. గంజి చాలు.

ఇక మార్కుల సంగతి అడిగారు కదా. టేబుల్ మీద గుమ్మటాలన్నీ పెట్టించండి. ఒక్కొక్కదాని మీద రూపాయి బిళ్లలు పేర్చుకుంటూ పోండి. ఎక్కడ కుంగిందో, ఎందుకు కుంగిందో పిల్లాడినే చెప్పమనండి. వాడు వేలు పెట్టి "ఇక్కడ పొర పలచబడింది సార్" అన్నాడంటే, మార్కులు పూర్తిగా వేసేయండి.