థార్నీ డెవిల్ చర్మంతో నీళ్ళు తాగుతుందా? ప్రచారంలో ఉన్న ఒక మాటపై సమీక్ష

ప్రేక్షకులకు నమస్కారం. చెన్నై నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు సమీక్షకు తీసుకున్నది ఎడారి జీవుల గురించిన చిన్న వీడియోల్లో తరచుగా వినిపించే ఒక మాట: ఆస్ట్రేలియా ఎడారుల్లో బతికే థార్నీ డెవిల్ అనే ముళ్ళ బల్లి, రాత్రిపూట పడే మంచును చర్మంతో తాగి దాహం తీర్చుకుంటుందట. ఈ మాటలో నిజమూ ఉంది, పొరపాటూ ఉంది. రెండూ ఎంతగా కలిసిపోయాయంటే, విడదీసి చూడకపోతే ఆ జీవి చేస్తున్న అసలైన అద్భుతం మన కంటికి ఆనదు.

ముందుగా చర్మంతో తాగడం అనే సంగతి చూద్దాం. కప్ప నిజంగానే ఆ పని చేస్తుంది; పొట్ట అడుగున ఉండే పలుచని చర్మాన్ని తడి నేలకు ఆనించి కూర్చుంటే, నీరు ఆ చర్మం గుండా నేరుగా ఒంట్లోకి ఇంకుతుంది. బల్లి చర్మం అలాంటిది కాదు. కెరాటిన్‌తో తయారైన పొలుసులూ, చర్మంలోని కొవ్వు పొరలూ ఒంట్లోని నీటిని తేలిగ్గా బయటికి పోనివ్వవు. ఎండలో అది బతికి బట్టకట్టడానికి ఆ గుణమే ఆధారం. అదే గుణం బయటి నీటిని లోపలికీ రానివ్వదు. 1962లో బెంట్లీ, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ విషయాన్ని తేల్చింది: నీరు చర్మంలోకి ఇంకడం లేదు, చర్మం మీద ఉన్న సన్నని కాలువల వెంట నోటి దాకా ప్రయాణిస్తోంది. కాబట్టి చర్మం నీటిని మోస్తుంది, తాగేది మాత్రం నోరే.

ఆ కాలువల పని అర్థం కావడానికి తెర మీద ఉన్న ఈ రెండు గాజు పలకలను చూడండి. ఒక అంచున రెండింటినీ ఆనించి, రెండో అంచున మధ్యలో అగ్గిపుల్ల పెట్టి, సిరా కలిపిన నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టాను. పలకలు కలిసిన అంచు దగ్గర నీరు బాగా పైకి ఎగబాకింది. అగ్గిపుల్ల వైపు వెళ్ళేకొద్దీ ఆ నీలి గీత వంపు తిరుగుతూ కిందికి దిగి, చివరికి పళ్ళెంలోని మట్టానికి దగ్గరగా వచ్చి ఆగింది. సందు ఎంత ఇరుకైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుందన్నమాట. పాఠాల్లో మనం కేశనాళికా చర్య అని చదువుకున్నది ఇదే. థార్నీ డెవిల్ చర్మంలో పొలుసుకీ పొలుసుకీ మధ్య కీలు లాంటి చోట, పైభాగం కొద్దిగా తెరిచి ఉన్న గొట్టాల్లాంటి కాలువలు ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి ఒళ్ళంతా వలగా పరుచుకుని నోటి మూలల వద్దకు చేరతాయి. పైగా ఒక్కో కాలువ లోపలే ఇంకా ఇరుకైన పాయలున్నాయి. వెడల్పు దారి నీటిని త్వరగా నింపుకుంటే, ఇరుకు దారి దానిని మరింత దూరం లాక్కెళుతుంది. నా దృష్టిలో ఈ చర్మంలో అన్నిటికంటే గొప్ప అమరిక ఇదే, కానీ చిన్న వీడియోలలో దీని ప్రస్తావనే కనిపించదు.

అందుకే ఈ బల్లి నీటి గుంటలో పాదాలు పెట్టి నిలబడితే చాలు, నీరు కాళ్ళ మీదుగా వీపు దాకా పాకుతుంది. కాలువలు నిండాక అది దవడలను పదే పదే తెరుస్తూ మూస్తూ గుటకలు వేస్తుంది. చీమలే దాని ఆహారం. నోరూ నాలుకా ఆ తిండికే అంతగా అలవడ్డాయి కాబట్టి, మిగతా జీవుల్లా నేరుగా నీళ్ళు తాగడం దానికి కుదరదని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇక మంచు సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు చెన్నై గాలిలో క్షణాల్లో చెమర్చడం మనం రోజూ చూసేదే. గాలిలో తేమ ఎక్కువగా ఉండడం, గ్లాసు గాలి కంటే బాగా చల్లగా ఉండడం అందుకు కారణాలు. బల్లి చర్మం మీద కూడా అలా నీరు పట్టాలంటే దాని ఒళ్ళు చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడి ఉండాలి. జర్మనీ, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఈ బల్లి చర్మపు కాలువలన్నీ నిండితే పట్టే నీరు శరీర బరువులో సుమారు 3 శాతం ఉంటుందని తేలింది. ఒంటిని చల్లబరిచి తేమ గాలిలో ఉంచినప్పుడు పేరుకున్న నీరు మాత్రం 0.2 శాతం దగ్గరే ఆగిపోయింది. అంత కొద్ది నీరు తాగడానికి చాలదు. తడి ఇసుక మీద నిలబెట్టినప్పుడు కాలువలు దాదాపు 59 శాతం నిండాయి, అయినా బల్లి తాగినట్టు కనిపించలేదు. తడి ఇసుకను వీపు మీదికి ఎగజల్లుకునే అలవాటు దీనికి ఉంది కాబట్టి, పై నుంచి దిగే నీరు మిగతా లోటును పూరించవచ్చునని వారి ఆలోచన. వాన, తడి ఇసుక దీనికి ముఖ్యమైన నీటి వనరులని చెప్పడం సబబు. మంచుకు అంత పెద్ద పీట వేయడం సబబు కాదు.

అమెరికాలోని టెక్సస్ కొమ్ముల బల్లి వేరే కుటుంబానికి చెందినదైనా ఇదే ఉపాయాన్ని సొంతంగా సాధించింది. వాన పడగానే వెనుక కాళ్ళు చాచి, ఒళ్ళు వెడల్పు చేసి, తల కిందికి దించి నిలబడుతుంది. దాని కాలువల ఆకారం రెండు వైపులా ఒకేలా ఉండదు కాబట్టి నీరు నోటివైపే ఎక్కువగా సాగుతుందని 2015లో వెలువడిన పరిశోధన చూపింది.

2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయి, ట్యాంకర్ల ముందు బిందెలతో నిలబడిన ఊరు మనది. ఈ చర్మాన్ని అనుకరిస్తే గాలిలోంచి తాగునీరు వస్తుందని ఎవరైనా చెబితే ఆశ కలగడం సహజం. కానీ ఈ కాలువలు నీటిని పుట్టించవు. ఉన్న నీటిని పంపు లేకుండా, కరెంటు లేకుండా ఒక వైపుకు నడిపిస్తాయి. ఆ మేరకు మాత్రం ఆశ గట్టిదే: టెక్సస్ బల్లి కాలువల నమూనాను ప్లాస్టిక్ పలక మీద చెక్కి చూసినప్పుడు, అక్కడ కూడా ద్రవం ఒక దిశలోనే ముందుకు సాగింది.