పిడి దగ్గర కొట్టిన ముద్ర: పాత జర్మన్ బాయొనెట్లను ఎలా చదవాలి

అందరికీ నమస్కారం.

పెళ్లిలో పెట్టిన బిందెల మీద, గిన్నెల మీద పేర్లు కొట్టించడం మనందరి ఇళ్లలో ఉన్నదే. ఆ పేరు అందం కోసం కాదు. వస్తువు ఎవరింటికి వెళ్లినా తిరిగి మనింటికే చేరాలని. కైజర్ల, అంటే జర్మన్ చక్రవర్తుల కాలంలో అక్కడి సైన్యం బాయొనెట్ల మీద, అంటే తుపాకీ మొనకు బిగించే కత్తుల మీద, దళం ముద్ర కొట్టించింది కూడా అందుకే. ఏ రెజిమెంటు సొత్తు, అందులో ఏ కంపెనీ (అంటే చిన్న దళం) లెక్కలోది, ఎన్నో నంబరుది అన్నది ఇనుము మీదే రాసి ఉండాలి. జర్మనీలోని రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యా 1877లో దీనికి నియమావళి తెచ్చింది, 1909లో దాన్ని సవరించింది. మన చేతికి వచ్చే ముద్రలు చాలావరకు ఈ రెండింటి ప్రకారం కొట్టినవే.

ముందు ఎక్కడ చూడాలో చెబుతాను. పిడి దగ్గర అలుగు (కత్తి పదునుండే భాగం) మొదట్లో తయారీదారు పేరు ఉంటుంది. జోలింగెన్, జూల్, ఎర్‌ఫుర్ట్ లాంటి ఊళ్ల పేర్లు తరచూ కనిపిస్తాయి. అలుగు వెన్ను మీద కిరీటం, దాని కింద రాజు పేరులోని అక్షరం, సంవత్సరానికి రెండంకెలు ఉంటాయి. దళం ముద్ర ఈ రెండు చోట్లా కాదు, పిడికీ అలుగుకీ మధ్య ఉండే అడ్డుపట్టీ మీద ఉంటుంది. ఒర మీద కూడా వెతకండి. చాలామంది వెన్ను మీది కిరీటం చూసి దళం దొరికిందనుకుంటారు. అది కత్తిని ఏ రాజ్యం సైన్యం ఎప్పుడు తీసుకుందో మాత్రమే చెబుతుంది.

ఒక ముద్రను దగ్గరగా చూద్దాం. అడ్డుపట్టీ మీద చుక్కలు పెట్టి 76. ఆర్. 5. 123. అని ఉందనుకోండి. 76వ పదాతి రెజిమెంటు, 5వ కంపెనీ, ఆ కంపెనీలో 123వ ఆయుధం. 76 అంటే హాంబుర్గ్ రెజిమెంటు. ‘ఆర్’ ఒక్కటే ఉంటే రెజిమెంటు. రెండు ‘ఆర్’లు పక్కపక్కనే ఉంటే రిజర్వు రెజిమెంటు. ఆ రెండో అక్షరం అరిగిపోయి కనబడకపోతే మనం పూర్తిగా వేరే దళం పేరు చెప్పేస్తాం. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని అక్షరాలను అచ్చు రూపంలో కొడితే ఒక అర్థం, చేతిరాత రూపంలో కొడితే ఇంకో అర్థం. అందుకే ఏ అక్షరమో చూసి ఆగిపోకండి, దాని వంపు కూడా చూడండి.

చదివాక లెక్క సరిపోతోందో లేదో చూడాలి. పదాతి రెజిమెంటుకు 3 బెటాలియన్లు, బెటాలియన్‌కు 4 కంపెనీలు, మొత్తం 12. కంపెనీ స్థానంలో 27 కనిపించిందంటే మనం తప్పు చదివామన్నమాట, లేదా ఎవరో ఈమధ్య కొట్టారన్నమాట.

నాకు బాగా ఇష్టమైన చిక్కు ఒకటుంది. వెన్ను మీద కిరీటం కింద ‘డబ్ల్యూ’ కనిపిస్తే అందరూ వెంటనే ప్రష్యా విల్‌హెల్మ్ అంటారు. కానీ జర్మనీలోనే ఇంకో రాజ్యమైన వుర్టెంబర్గ్ రాజు పేరు కూడా విల్‌హెల్మే, 1891 నుంచి 1918 దాకా ఆయనే రాజు. ఇక్కడ అడ్డుపట్టీ మనకు సాయపడుతుంది. పదాతి రెజిమెంట్లలో 119 నుంచి 127 వరకు నంబర్లు వుర్టెంబర్గ్‌వి. 100 నుంచి 108 వరకు శాక్సనీ రాజ్యానివి, అక్కడ ఫ్రీడ్రిష్ ఆగుస్ట్ రాజుగా ఉన్న కాలంలో వెన్ను మీద ఆయన పేరుకు ‘ఎఫ్’, ‘ఎ’ ఉంటాయి. బవేరియా రాజ్యం మాత్రం తన రెజిమెంట్లకు మళ్లీ ఒకటి నుంచి నంబర్లు వేసుకుంది, అందుకే దాని ముద్ర ముందు ‘బి’ ఉంటుంది. వెన్నూ అడ్డుపట్టీ ఒకే మాట చెబుతుంటే ధైర్యంగా ఉండొచ్చు. చెప్పకపోతే కంగారుపడొద్దు, ఆయుధాలు చేతులు మారేవి.

మారినప్పుడు పాత ముద్ర మీద అడ్డంగా గీత కొట్టి పక్కన కొత్తది కొట్టేవారు. కొట్టివేత ఉంటే ధర తగ్గుతుందని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. రెండు దళాల కథ ఒకే పట్టీ మీద దొరకడం అదృష్టం. 1916 తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం ఒత్తిడిలో ఈ ముద్రలు కొట్టడం దాదాపు ఆగిపోయింది. అందుకే 1917, 1918 అలుగుల మీద చక్కటి దళం ముద్ర కనిపిస్తే రెండుసార్లు చూడండి. యుద్ధం ముగిశాక ప్రభుత్వం దగ్గర మిగిలిన ఆయుధాల మీద 1920 అని కొట్టారు, అది తయారైన ఏడాది కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి వాటిపై సాధారణంగా తయారీ కోడ్, సీరియల్ నంబరు తప్ప దళం పేరు ఉండదు.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. 1871 మోడల్ బాయొనెట్‌కు పిడి ఇత్తడిది. ఇత్తడి కనిపిస్తే మన చేయి చింతపండు మీదికి పోతుంది. దయచేసి తోమకండి. మొదట్లో నేనూ ఒకదాన్ని గరుకు కాగితంతో రుద్దాను. తుప్పు పోయింది, దాంతోపాటు కంపెనీ నంబరు కూడా పోయింది. ఈ రోజుకీ అది 6వ కంపెనీదో 8వ కంపెనీదో నాకు తెలియదు. తుప్పు ఎక్కువగా ఉంటే పలచగా నూనె రాసి రెండు రోజులు వదిలేయండి, మెత్తటి గుడ్డతో అద్దండి. చీకటి గదిలో టార్చి పక్కవాటుగా పట్టుకుని తిప్పుతూ చూడండి. ఎదురుగా వెలుతురు వేస్తే కనిపించని గీత పక్క వెలుతురులో నీడై లేస్తుంది. అసలు ముద్రలు ఒక్కో అక్షరాన్నీ ఒక్కో ఉలితో సుత్తి పెట్టి కొట్టినవి, కాబట్టి వరస కాస్త వంకరగా ఉండొచ్చు. గుంట లోపల కూడా చుట్టూ ఉన్నంత నలుపు ఉండాలి. చుట్టూ నల్లగా ఉండి లోపల మెరుస్తోందంటే అనుమానించండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద బాంబులు పడి ప్రష్యా సైన్యం కాగితాలు చాలావరకు కాలిపోయాయి. బవేరియా పత్రాలు మ్యూనిక్‌లో మిగిలాయి, ప్రష్యావి చాలావరకు మిగల్లేదు. 123వ నంబరు బాయొనెట్ ఎవరి నడుముకు వేలాడిందో మనకు ఇక దొరకదు. కానీ మొదటి ప్రపంచ యుద్ధం తొలి రెండేళ్లలో అచ్చయిన మృతుల, క్షతగాత్రుల జాబితాలు రెజిమెంటు వారీగా, కంపెనీ వారీగా ఉన్నాయి. అడ్డుపట్టీ మీది 5 స్పష్టంగా కనిపిస్తే, ఆ కంపెనీలో దెబ్బతిన్న వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదవొచ్చు. నేను చదివాను. ఆ తర్వాత ఆ కత్తిని పట్టుకునే తీరే మారిపోయింది నాకు.

మీలో కొందరు మీ దగ్గరున్నవి తెచ్చారని తెలిసింది. బల్ల మీద పెట్టండి, లైట్లు కాసేపు ఆపేద్దాం. టార్చి నా దగ్గరుంది.