పొద్దుటిపూట బిగుసుకునే వేళ్లు

శ్రోతలకు నమస్కారం.

కీళ్లనొప్పులు అనగానే మనకు గుర్తొచ్చేది అరవై దాటినవారి మోకాళ్లు. మెట్లెక్కితే కలుక్కుమనడం, కింద కూర్చుంటే లేవడానికి గోడ ఆసరా కావడం. అది అరుగుదల వల్ల వచ్చే నొప్పి. ప్రతి ఇంట్లోనూ ఒకరికి ఉంటుంది కాబట్టి ఈ పూటకి దాన్ని పక్కన పెడదాం. ముప్పై, నలభై ఏళ్ల వయసులోనే చేతివేళ్లను పట్టుకునే జబ్బు గురించి చెబుతాను. దాని పేరు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్.

ముగ్గుపిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి సన్నగా ధార వదలాలంటే వేళ్లు ఎంత మాట వినాలో వేసేవాళ్లకు తెలుసు. ఈ జబ్బు మొదలైనప్పుడు పిండి జారిపోతుంది. జాకెట్టు హుక్కు పడదు. తడిబట్ట పిండటం చేతకాదు. తొమ్మిదో పదో అయ్యేసరికి వేళ్లు కాస్త సడలుతాయి, పనీ సాగుతుంది. ఇంట్లోవాళ్లకు అనుమానం వచ్చేది అక్కడే. "పొద్దున లేని ఓపిక ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందో!" అని అత్తగారు అనకుండా ఉండరు. అత్తగారూ, అది బద్ధకం కాదండీ, ఆ జబ్బు తీరే అంత. అరుగుదల నొప్పి పనిచేస్తే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఇది అందుకు తలకిందులు. రాత్రంతా కదలకుండా ఉంటే బిగుసుకుంటుంది, కదిలితే వదులవుతుంది. లేచాక అరగంట, గంట గడిచినా పిడికిలి బిగించలేకపోతున్నారంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

అసలు లోపల ఏం జరుగుతోంది? సూక్ష్మక్రిముల నుంచి మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి, కీలు లోపలి పలుచని పొర మీద విరుచుకుపడుతుంది. ఆ పొర వాచి, దళసరెక్కి, పక్కనున్న మృదులాస్థినీ (ఎముకల చివర్లను కప్పి ఉండే మెత్తని పొరనీ) ఎముకనూ తినేస్తూ పోతుంది. అలా ఎందుకు దారి తప్పుతుందంటే ఒక్క కారణం చెప్పలేం. జన్యువుల పాత్ర కొంత, పొగతాగడం కొంత, చిగుళ్ల జబ్బు కొంత. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వంకాయకూ గోంగూరకూ చింతపండుకూ మాత్రం దీంతో ఏ సంబంధమూ లేదు. వాతం చేస్తుందని ఒక్కో కూరా మానేసి, చివరికి చారన్నంతో సరిపెట్టుకుని నీరసించిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అసలే ఈ జబ్బులో రక్తం తగ్గుతుంది, దానికి తోడు ఈ పథ్యం ఒకటి.

గుర్తుపట్టడం ఎలా? వాపు సాధారణంగా రెండు చేతులకూ వస్తుంది. వేళ్ల మొదళ్లు, మధ్య కణుపులు, మణికట్లు వాస్తాయి. గోళ్ల దగ్గరి చివరి కణుపుల జోలికి పెద్దగా పోదు. ఎవరైనా చెయ్యి కలిపి కాస్త గట్టిగా నొక్కితే ప్రాణం పోయినంత పనవుతుంది. పాదాల్లో కాలివేళ్ల మొదళ్లు కూడా అంతే. దానికి తోడు అలసట, అప్పుడప్పుడూ ఒళ్లు వెచ్చబడటం. చికున్‌గున్యా వచ్చి తగ్గాక కూడా అచ్చం ఇలాగే కీళ్లు నెలల తరబడి పీడిస్తాయి కాబట్టి, ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. వాపు ఆరు వారాలు దాటినా తగ్గకపోతే రుమటాలజిస్టును, అంటే ఇలాంటి కీళ్లజబ్బుల నిపుణుణ్ణి కలవాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లాంటి పెద్దాసుపత్రుల్లో దీనికంటూ ప్రత్యేక విభాగం ఉంది.

రక్తపరీక్షల విషయంలో చిన్న హెచ్చరిక. ఈ జబ్బు అనుమానంతో చేయించే ఆర్ఏ ఫ్యాక్టర్ అనే పరీక్ష పాజిటివ్ అని రిపోర్టు చూసి కంగారుపడేవాళ్లున్నారు. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్లలోనూ, కొన్ని ఇన్ఫెక్షన్లలోనూ అది పాజిటివ్ రావచ్చు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. యాంటీ సీసీపీ అనే పరీక్ష ఇంకొంత నమ్మదగినది. అయినా డాక్టరు మీ వేళ్లు పట్టుకుని చూడాల్సిందే.

నడుం సంగతి కూడా ఒక్కమాటలో చెప్పేస్తాను. పాతికేళ్ల కుర్రాడికి నెలల తరబడి తెల్లవారుజామున నడుం పట్టేసి, లేచి నడిస్తే తగ్గుతోందంటే అది బరువులెత్తడం వల్ల కాకపోవచ్చు. వెన్నెముక కీళ్లను పట్టే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే మరో జబ్బు ఉంది. అదీ రుమటాలజిస్టు చూడాల్సిందే.

ఇక వైద్యం. ప్రధానమైన మందు మెథోట్రెక్సేట్. దీని వెనక మనవాడొకరున్నారు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే దాని పనిని అడ్డుకునే మందుల్నీ తయారుచేసింది, మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. పిల్లల రక్తక్యాన్సర్‌కు బోస్టన్‌లో వాటిని వాడి చూశారు. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. కీళ్లజబ్బుకు మెథోట్రెక్సేట్ వాడేందుకు అమెరికాలో అధికారికంగా అనుమతి వచ్చింది 1988లో. ఇప్పుడు ఈ జబ్బున్నవాళ్లు వారానికొకసారి మెథోట్రెక్సేటూ, దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడూ వేసుకుంటారు. రెండూ ఆయన ప్రయోగశాలతో ముడిపడినవే.

"ఇది క్యాన్సర్ మందు కదండీ?" అని మందుల షాపులో ఎవరో అన్నారని సగంలో మానేస్తుంటారు. క్యాన్సర్‌కు వాడే మోతాదు ముందు ఇది చాలా చిన్నది. దీంతో భయపడాల్సింది వేరే ఉంది. ఇది వారానికి ఒక్కరోజు వేసుకోవాల్సిన మాత్ర. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. బుధవారం అనుకుంటే బుధవారమే. గోడమీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, వేసుకున్నాక టిక్కు పెట్టండి. ఫోలిక్ యాసిడ్ డాక్టరు చెప్పిన రోజున. మద్యం ముట్టకూడదు. లివరూ రక్తకణాల పరీక్షలు వేళకి చేయించుకోవాలి. ఇది పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వారంలో గుణం కనిపించలేదని మందు మార్చేయకండి.

వారంలో గుణం కనిపించేది స్టీరాయిడ్‌తో. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం ఈ జబ్బుతో మంచం పట్టిన ఒకామెకు కార్టిజోన్ అనే స్టీరాయిడ్ ఇస్తే కొద్దిరోజుల్లోనే నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతీ వచ్చింది. ఆ సంబరం మీద నీళ్లు పోసింది ఆ తర్వాత బయటపడ్డ దుష్ఫలితాలు. నేటికీ డాక్టర్లు దాన్ని తక్కువ మోతాదులో, అసలు మందు అందుకునేదాకా వాడతారు. కానీ పేరూ ఊరూ లేని పొట్లాల్లో, "వాతం పొడి" పేరుతో అమ్మేవాటిలో స్టీరాయిడ్ కలుపుతుంటారు. నెలల తరబడి వాడితే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. అలాంటివి చాలాకాలం వాడి ఉంటే హఠాత్తుగా ఆపేయడమూ ప్రమాదమే. పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, తిడతారని దాచకండి. ఇక నొప్పి మాత్రలు నొప్పిని ఆపుతాయే గానీ కీలు పాడవడాన్ని ఆపవు. రోజూ మింగితే కడుపుకూ కిడ్నీలకూ చేటు.

ఈ మందులతో లొంగనివాళ్లకు బయోలాజిక్స్ అనే ఖరీదైన ఇంజెక్షన్లున్నాయి. అవి మొదలుపెట్టే ముందు ఒంట్లో దాగిన క్షయ ఉందేమో చూస్తారు. మన దేశంలో అది తప్పనిసరి.

చివరగా, పిల్లలు కావాలనుకునేవాళ్లకు. మెథోట్రెక్సేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. సాధారణంగా మూడు నెలల ముందే ఆపుతారు. అలాగని వైద్యం మొత్తం మానేయాల్సిన పనిలేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్ గర్భిణులకూ ఇస్తారు. అందుకే పెళ్లి కుదిరిందనో, బిడ్డ కోసం చూస్తున్నామనో డాక్టరుతో ముందే చెప్పండి, మందులు ఎలా మార్చాలో వాళ్లు చూసుకుంటారు.

సెలవు. నమస్కారం.