గోడ లేని దర్వాజా

అధ్యక్షులకు, పెద్దలకు, వెనక నిలబడి వింటున్న విద్యార్థులకు నమస్కారం. వారసత్వ వారోత్సవాల్లో, హైదరాబాదు సభలో, ఇంగ్లండు రేవుపట్నం ఊసెందుకని మీకు అనిపించవచ్చు. సౌతాంప్టన్‌లోని బార్‌గేట్‌కు పట్టిన గతే మన దర్వాజాలకూ పట్టింది, అందుకు.

బార్‌గేట్ ఆ ఊరి ఉత్తరపు వాకిలి. 1180 ప్రాంతంలో మామూలు గుండ్రటి కమానుగా కట్టారు. 1290 ప్రాంతంలో రెండు పక్కలా బురుజులు లేపి, బాణాలు వెయ్యడానికి సన్నటి సందులు వదిలారు. నేల వైపు ఇంత కాపలా పెట్టి, సముద్రం వైపు గోడ పూర్తి చెయ్యలేదు! 1338లో ఫ్రెంచి దండు ఓడల్లో అటునుంచే వచ్చి ఊరు దోచి తగలబెట్టింది. అప్పుడు మేలుకుని, తీరం వెంట వర్తకుల ఇళ్ల తలుపులు, కిటికీలు రాతితో మూసి, ఆ ఇళ్ల గోడలనే కోటగోడ చేశారు.

తర్వాతి శతాబ్దాలు వదిలేసి ట్రాముల దగ్గరికొస్తాను. ట్రాములు ఆ కమాను కిందనుంచే నడిచేవి. రెండంతస్తుల ట్రాముకు కప్పు వేస్తే కమానుకు తగులుతుంది. 1923లో ఏం చేశారంటే, కమాను జోలికి పోకుండా ట్రాము కప్పునే దాని వంపుకు తగ్గట్టు గుండ్రంగా మలిచారు. ఈ సభలో రోడ్ల ఇంజనీర్లుంటే ఈ మాట రాసుకోండి: కప్పునే మలిచారు! 1930లకు ఆ ఓపికా పోయింది. రెండు పక్కలా గోడ కొట్టేసి రోడ్లు వేశారు. బార్‌గేట్ ఒంటరిగా మిగిలింది.

మన నగరగోడను మొగలుల సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే మొదటి నిజాం అసఫ్‌జా పూర్తిచేశాడు. 1908 మూసీ వరద కొంత, ఆ తర్వాత రోడ్ల వెడల్పు కొంత మింగాయి. దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా, ఈ రెండే నిలిచాయి.

గోడ తెగిన చోటే దర్వాజాకు చేటు. ఎదురెదురు రాతి వరసల మధ్య కూరిన చిన్నరాళ్లు, సున్నం బయటపడతాయి. వాననీళ్లు దిగి సున్నాన్ని కడిగేస్తాయి, ఆ సందులో రావిమొక్క లేస్తుంది. దాన్ని పీకొద్దు, రాయి కూడా ఊడొస్తుంది. మొదలు కోసి, వేరు చచ్చాక సందు నింపాలి. సిమెంటు మాత్రం వద్దయ్యా! లోపలి చెమ్మకు దారి మూసుకుపోయి వెనక సున్నం పొడైపోతుంది. డంగు సున్నమే వాడాలి: ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఇసుక, సుర్కీ అనే ఇటుకపొడి కలిపి, గానుగాడించి, పూశాక కనీసం వారం రోజులు తడిగోనెలు కప్పాలి. గోడ నెత్తిన నీళ్లు నిలవకుండా వాలు పెట్టాలి.

రంగులు, దీపాలు తర్వాత చూద్దాం. వచ్చే వానాకాలంలోగా ఆ రెండు దర్వాజాల పక్కన తెగిన గోడ అంచులను మూయించమని ఈ సభ తీర్మానించాలి.