ఇంకొక్క బుక్క

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని చంకనేసుకొని ఇంతమంది వస్తారనుకోలేదు. వెనక ఒక పాపాయి ఏడుస్తుంటే వాళ్ళమ్మ లేచి బయటికి వెళ్ళబోతోంది, వెళ్ళకమ్మా, కూర్చో, ఏడవనీ. పిల్లల గురించి మాట్లాడుకునే చోట పిల్లలు ఏడిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. ఇక్కడే హనుమకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. మూడున్నరేళ్ల పాపకు నాన్నని. ఆ పాప తిండి గురించి మా ఇంట్లో దాదాపు ఏడాది పాటు పడిన బాధ ఉంది చూడండి, దాని గురించే ఇవాళ మాట్లాడతాను, వేరే ఏదీ మాట్లాడను. జ్వరం, నిద్ర, బడి, అన్నీ ఉన్నాయి కానీ నాకు బాగా తెలిసింది ఇదొక్కటే.

"ఇంకొక్క బుక్క." ఈ మాట మన ఇళ్లల్లో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అటు కోస్తా వైపు వాళ్లు ఇంకొక్క ముద్ద అంటారు, ఏదైనా అదే బతిమాలడం. ఇంకొక్క బుక్క నాన్నకు, ఇంకొక్క బుక్క నానమ్మకు, ఇంకొక్క బుక్క పిట్టకు. ప్రేమతోనే అంటాం. కానీ ఆ ఒక్క బుక్క ఎప్పుడూ ఆఖరిది కాదని ఏడాది పిల్లకు కూడా తెలిసిపోతుంది.

మా పాపకు ఆరో నెలలో అన్నప్రాసన చేశాం. మా ఆవిడ ఆరు నెలల సెలవు కూడా అప్పుడే అయిపోయి ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టింది. మా అమ్మ ఊరి నుంచి వచ్చి బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, విసిరి, జల్లెడ పట్టి ఉగ్గు పిండి చేసింది. మొదటి రోజు నాలుక మీద పెట్టగానే పాప మొహం అదోలా పెట్టి, మళ్ళీ నోరు తెరిచింది. ఆ నోరు తెరవడం చూసి ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. ఎనిమిది, తొమ్మిది, పది నెలలు, గిన్నె చప్పుడు వింటే చాలు, పాకుతూ వంటింట్లోకి వచ్చేది. మెత్తగా పిసికిన పప్పన్నం, నెయ్యి, ఉడికించిన ఆలుగడ్డ, ఏది పెడితే అది తినేది. ఆ నాలుగైదు నెలలంత సుఖం నాకు మళ్ళీ తెలియదు.

పుట్టినరోజు దాటాక ఒకసారి గట్టిగా జలుబు చేసి తిండి మానేసింది. మూడు రోజులు. నాలుగో రోజు మేం భయపడిపోయి ఫోన్‌లో పాటల వీడియో పెట్టాం. ఆవు, రైలు, బాతు పిల్లలు తిరుగుతుంటే నోరు తెరిచింది, మేం పెట్టేశాం, గిన్నె ఖాళీ అయింది. ఆ పూట మాకు ఎంత నెమ్మదిగా అనిపించిందో చెప్పలేను. జలుబు వారానికి తగ్గింది. ఫోన్ మాత్రం తొమ్మిది నెలలు ఉండిపోయింది.

మొదట ఒక పాటకు గిన్నె అయ్యేది. తర్వాత నాలుగు పాటలు. తర్వాత ముప్పావు గంట. వీడియో మధ్యలో ప్రకటన వస్తే బుగ్గన పెట్టుకున్న అన్నం అలాగే ఉంచి ఏడ్చేది. ఏం తింటోందో దానికి తెలియదు, పప్పు పెట్టినా, ఉప్మా పెట్టినా ఒకటే. కడుపు నిండిందో లేదో కూడా తెలియదు, ఎందుకంటే దాని ధ్యాస కడుపు మీద లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ వద్దే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు కూడా రోజుకు గంట మించొద్దని ఉంది. అది నేను తర్వాత చదివాను. అప్పుడు చదివినా మానేవాణ్ణి కాదేమో, ఎందుకంటే ఆకలితో ఉందేమో అనే భయం ముందు ఏ సూచనా నిలవదు.

ఒక రాత్రి ఛార్జింగ్ లేదు, కరెంటూ లేదు. పాప నోరు తెరవదు. నాకు కాలేజీలో పరీక్షల పని, మా ఆవిడ ఇంకా రాలేదు, అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను పాప రెండు బుగ్గలు పట్టుకొని, నోరు తెరిపించి ఒక చెంచా లోపలికి తోశాను. అది వాంతి చేసుకుంది, తిన్నదీ తిననిదీ అంతా. కడిగి పడుకోబెట్టాం. మర్నాడు పొద్దున నేను గిన్నె తీసుకొని హాల్లోకి రాగానే పాప లేచి వెళ్లి తలుపు వెనక దాక్కుంది. ఆటకు దాక్కోవడం కాదు. ఆట అయితే నవ్వుతుంది. నేను ఆ గిన్నెతో అక్కడే నిలబడిపోయాను.

ఈ సంగతి నేను ఇదివరకు బయట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నది ఎందుకంటే, ఈ గదిలో బుగ్గలు పట్టుకున్నవాళ్లు ఇంకా ఉంటారు, వాళ్లు చెడ్డవాళ్లు కారు, బాగా భయపడ్డవాళ్లు.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. పాపకు అప్పటికి ఇరవై రెండో నెల. ఆవిడ మందు రాయలేదు, మా టీకాల కార్డు తిప్పి వెనకున్న పెరుగుదల పటం తీసి పెన్నుతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. పుట్టినప్పుడు 2.8 కిలోలు. అయిదు నెలలకు సుమారు రెట్టింపు. ఏడాదికి 8.4, అంటే మూడు రెట్లు. అప్పుడు నన్ను అడిగింది, మీరు లెక్కల సారు కదా, ఇదే లెక్కన పెరిగితే రెండేళ్లకు ఎంత ఉండాలి, పదేళ్లకు ఎంత ఉండాలి అని. నాకు అక్కడే వెలిగింది. మొదటి ఏడాది బిడ్డ పెరిగే వేగం మళ్ళీ జీవితంలో ఉండదు. రెండో ఏడాది మొత్తం మీద పిల్లలు రెండు, రెండున్నర కిలోలే పెరుగుతారు. ఒంటికి అంత తిండి అక్కర్లేదు కాబట్టి ఆకలి తగ్గుతుంది. మా పాప తిండి మానేసిందని మేం ఏడ్చిన నెలల్లో దాని ఒళ్ళు తన లెక్క ప్రకారం తాను నడుస్తోంది. సరిగ్గా అదే సమయంలో దానికి నడక వస్తుంది, మెట్లు, కుక్కపిల్ల, చెప్పులు, ప్రపంచం అంతా దొరుకుతుంది, ఇక గిన్నె ముందు ఎందుకు కూర్చుంటుంది?

కొందరు అంటారు, ఈ పటాలు అమెరికా పిల్లలవి, మన పిల్లలకు వర్తించవు అని. కాదండీ. ఇప్పుడు మన కార్డుల్లో ఉన్నవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసినవి. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా, ఈ ఆరు దేశాల్లో తల్లిపాలు తాగి, మంచి వాతావరణంలో పెరిగిన పిల్లల్ని తూచి, కొలిచి తయారుచేశారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు ఉన్నారు. సరైన తిండి, ఆరోగ్యం ఉంటే అయిదేళ్లలోపు పిల్లలు ఎక్కడైనా దాదాపు ఒకేలా పెరుగుతారని అందులో తేలింది. నాకు ఇది చాలా గొప్ప విషయంగా అనిపిస్తుంది.

అయితే మా కథలో బరువు బాగానే ఉంది కానీ ఇంకో చోట తప్పు జరిగింది. అన్నం తినట్లేదు కదా అని సీసా పాలు పెంచుకుంటూ పోయాం. పొద్దున, పదకొండింటికి, మధ్యాహ్నం నిద్రకు, సాయంత్రం, రాత్రి. కలిపితే 800 మిల్లీలీటర్ల పైనే. పాలతో కడుపు నిండితే ఆకలి ఎక్కడిది? పైగా పాలలో ఐరన్ దాదాపు లేనట్టే. మా నాన్న సాయంత్రం చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టేవాడు, పాప మీద ప్రాణం ఆయనకు. కానీ చాయ్ తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుందట. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది, 11 అయినా ఉండాల్సింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పదిమందిలో ఏడుగురు. కాబట్టి ఇక్కడున్న పిల్లల్లో కూడా ఉంటుంది, కళ్ళకు బొద్దుగా కనబడే పిల్లల్లో కూడా. తినలేదని భయపడే మనం దీని గురించి భయపడం, ఎందుకంటే ఇది గిన్నెలో మిగిలిన అన్నంలా కనబడదు.

డాక్టరమ్మ ఐరన్ చుక్కలు రాసింది. మలం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దని ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రే ఆస్పత్రికి పరిగెత్తేవాళ్లం. పాలు రోజుకు 400కు దించమంది. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండమంది, గుడ్డు, మాంసం తినే ఇల్లయితే కొంచెం కాలేయం పెట్టమంది. ఆఖరికి ఒక మాట చెప్పింది. ఎలిన్ శాటర్ అని అమెరికాలో ఒక పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి అది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి, ఇవి పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి, ఇవి బిడ్డ పని. మీరు బిడ్డ పని కూడా మీరే చేస్తున్నారు, అందుకే ఇద్దరికీ కష్టంగా ఉంది అంది.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ ఒప్పుకోలేదు. "పిల్ల ఇప్పటికే సగమైంది, పాలు కూడా తగ్గిస్తే ఏం తిని బతుకుతది?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రాత్రి ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. నేను అమ్మను ఏమీ అనలేదు. తను నలుగురు పిల్లల్ని కని ఒకరిని పోగొట్టుకున్న మనిషి. ఆమె భయానికి నా పటం జవాబు చెప్పలేదు.

మొదటి రోజు ఫోన్ తీసి బీరువాలో పెట్టాం. పాప పొద్దున రెండు బుక్కలు, మధ్యాహ్నం సగం అరటిపండు, రాత్రి ఏమీ లేదు. ఫోన్ కోసం నేల మీద పడి ఏడ్చింది. రెండో రోజు ఇంకా ఎక్కువ. మా ఆవిడ ఆఫీసు నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది, తిందా అని. తినలేదు అని చెప్పడం ఎంత కష్టమో! నాలుగో రోజు కొంచెం, అయిదో రోజు కొంచెం. అమ్మే ఒక ఉపాయం చెప్పింది, దాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అందరం చుట్టూ కాపలా కాయడం ఏంది, మనతోపాటు చాప మీద కూర్చోబెట్టండి, మన పళ్ళెం మనం తిందాం అని. నాలుగు పళ్ళేలు, ఐదోది చిన్నది. ఎవరం దానివైపు చూడకూడదని నియమం పెట్టుకున్నాం. పదకొండో రోజు రాత్రి నా పళ్ళెంలోంచి జొన్నరొట్టె ముక్క లాక్కొని పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంది. ఎవరం మాట్లాడలేదు. ఇంకో ముక్క తీసుకుంది. అమ్మ తల వంచుకొని తింటూనే ఉంది కానీ ఆమె చెయ్యి వణకడం నేను చూశాను.

అప్పటి నుంచి ఇల్లంతా మెతుకులే. జుట్టులో అన్నం, గోడకు పప్పు, చెవిలో పెరుగు. బట్టలు రోజుకు మూడు జతలు. "నేనే, నేనే" అంటుంది, చెంచా లాక్కుంటుంది. ఆ "నేనే" వినడానికి ఎంత మెతుకులైనా ఏరొచ్చు. సొరకాయ ఇప్పటికీ ముట్టదు. పెట్టడం మానలేదు, తినమనడం మానేశాం. బెండకాయ కూడా అలాగే ఎన్నోసార్లు పళ్ళెంలోనే మిగిలి ఒక రోజు ఉన్నట్టుండి నోట్లోకి వెళ్లింది.

ఒకాయన ఇందాక లోపలికి వస్తూ అడిగారు, పాతకాలంలో చందమామను చూపించి తినిపించలేదా, దానికీ ఫోన్‌కీ తేడా ఏంటి అని. మంచి ప్రశ్న, నేనూ చాలా ఆలోచించాను. చందమామను చూపించేటప్పుడు బిడ్డ ఒకసారి పైకి చూస్తుంది, ఒకసారి మన మొహం చూస్తుంది, మాటకు మాట చెప్తుంది, మనం ఆగుతాం. చందమామ కూడా ఆగుతాడు. వీడియో ఎవరి కోసమూ ఆగదు. గోరుముద్ద పెట్టేవాళ్ళ కన్ను బిడ్డ నోటి మీద ఉంటుంది, ఫోన్ పెట్టినప్పుడు మన కన్ను గిన్నె మీద ఉంటుంది.

రెండు మూడు సంగతులు త్వరగా చెప్పేస్తా. ఏడాదిలోపు తేనె నాకించొద్దు, పుట్టగానే నాకించే ఆనవాయితీ ఉన్న ఇళ్ళు కూడా మానండి, అందులో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి పసిపిల్లలకు ప్రమాదం. పల్లీలు, శనగలు గింజలుగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. ద్రాక్షను నిలువుగా కోసి ఇవ్వండి. పరిగెత్తే పిల్ల వెనక గిన్నె పట్టుకొని పరిగెత్తొద్దు, కూర్చున్నప్పుడే తిండి. ఇంకోటి, నేను చెప్పిందంతా ఆరోగ్యంగా ఉన్న పిల్ల మాట. బరువు గీత అంతకంతకూ కిందికి జారుతున్నా, ఉచ్చ తగ్గినా, ఆడుకోకుండా మగతగా పడుకున్నా, ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, నా మాట పట్టుకొని కూర్చోవద్దు.

ఒక్క విషయం మాత్రం కొంచెం గట్టిగానే అంటాను. ఆ ఏడాదంతా మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ పాపను చూసి మా ఆవిడనే అడిగారు, "పిల్లకు సరిగా పెడుతున్నవా?" అని. నన్ను ఒక్కరూ అడగలేదు. బుగ్గలు పట్టుకున్నవాణ్ణి నేను. రాత్రిళ్ళు నిద్రపోకుండా ఏడ్చింది తను. ఇక్కడున్న నాన్నలకు, తాతలకు, మేనత్తలకు దండం పెట్టి చెప్తున్నా, ఆ ప్రశ్న ఇక అడగొద్దు. ఒక పూట వచ్చి మెతుకులు ఏరండి, గిన్నెలు కడగండి, చాలు. మా ఇంట్లో అమ్మ ఉంది కాబట్టి మేం పదకొండు రోజులు ఓర్చుకోగలిగాం. ఒంటరిగా, ఉద్యోగం చేసుకుంటూ, పూట గడవడానికి ఫోన్ ఇచ్చే అమ్మను నేను తప్పుపట్టను.

పోయిన నెల మన అంగన్‌వాడీలో తూకం రోజున ఒకమ్మాయి గుమ్మం దగ్గర ఏడుస్తూ కనబడింది. బాబుకు ఏడాదిన్నర, 9 కిలోల 800 గ్రాములు. పక్కింటి బాబు అదే వయసు, 12 కిలోలు. అత్తగారింట్లో పోలుస్తున్నారు. ఆ వయసు మగపిల్లలకు మధ్య గీత 10.9 దగ్గర ఉంటుంది, కింది హద్దు 8.8. బాబు ఆ రెండింటి మధ్యలో హాయిగా ఉన్నాడు. మేం ఇద్దరం అక్కడే మెట్ల మీద కూర్చొని పాత తూకాలన్నీ చుక్కలు పెట్టి కలిపితే గీత చక్కగా పైకి వెళ్తోంది. ఆ అమ్మాయి ఇవాళ వచ్చింది, మూడో వరసలో ఉంది, బాబు ఇప్పుడు ఆమె గాజులతో ఆడుతున్నాడు.

ఆ పటాలు కాపీలు తీయించి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఆడపిల్లలది గులాబీ రంగు, మగపిల్లలది నీలం, రెండింటి గీతలు వేరు, చూసి తీసుకోండి. టీకాల కార్డులు తెచ్చినవాళ్ళు ఆగండి, కలిసి చుక్కలు పెడదాం. అంగన్‌వాడీలో చిన్నపిల్లలకు ఇచ్చే బాలామృతం పిండి ప్యాకెట్లు ఇంకా తీసుకోనివాళ్ళు టీచరమ్మకు పేరు చెప్పండి, ఆవిడ ఆ కిటికీ పక్కనే ఉన్నారు.